పాయింట్లు పోగేసే లోపు మాల్దీవ్స్ రూమ్ రేటు ఎగిరిపోయింది, లాయల్టీ ప్రోగ్రామ్ మార్చడం వల్లేనా?

డల్లాస్_గోంగూర:

అందరికీ నమస్తే. కొంచెం పెద్ద పోస్టు, తిట్టుకోకండి. సోమవారం తెల్లారుజామున ఫ్లైట్ ఎక్కి గురువారం రాత్రికి ఇల్లు చేరే కన్సల్టింగ్ బతుకు నాది, 2017 నుంచీ ఇదే తిరుగుడు. ఆ తిరుగుడులో ఒకే హోటల్ చెయిన్ పట్టుకుని వేలాడి వాళ్ల లాయల్టీ ప్రోగ్రామ్‌లో (వాళ్ల హోటళ్లలో ఉన్నప్పుడల్లా పాయింట్లు పడతాయి, తర్వాత డబ్బుకి బదులు వాటితో రూమ్ తీసుకోవచ్చు) మొత్తానికి 5 లక్షల 20 వేల పాయింట్లు పోగేశా. చెయిన్ పేరు ఎందుకులెండి, మళ్లీ దాని మీద గొడవ మొదలవుతుంది. మా ఆవిడకి మాటిచ్చా, పదో పెళ్లిరోజు మాల్దీవ్స్‌లో అని. మా పెళ్లిరోజేమో డిసెంబర్ 20.

మూడేళ్ల కింద ఇదే రిసార్ట్, ఇదే డిసెంబర్ వారం చూస్తే రాత్రికి 85 వేల పాయింట్లు, క్యాష్ అయితే 1,700 డాలర్లు ప్లస్ టాక్సులు. అప్పుడు పాయింట్లు చాల్లేదు, సరే ఇంకొంచెం పోగేద్దాం అని కూర్చున్నా. మొన్న ఆదివారం యాప్ తెరిస్తే రాత్రికి 2 లక్షల 10 వేలు! క్యాష్ 2,300. పోనీ మే నెలకి చూద్దామని చూస్తే 1 లక్షా 20 వేలు, క్యాష్ వెయ్యి.

నా డౌట్ ఏంటంటే, చాలా చెయిన్లు చార్టులు (ఏ హోటల్‌కి రాత్రికి ఎన్ని పాయింట్లో ముందే రాసిపెట్టిన పట్టిక) తీసేసి డైనమిక్ ప్రైసింగ్ (రోజుని బట్టి పాయింట్లు మారడం) అని మొదలుపెట్టాక రిసార్టులు కావాలనే క్యాష్ రేటు పెంచి చూపిస్తున్నాయా, అంటే క్యాష్ ఎక్కువ పెడితే పాయింట్లు ఎక్కువ లాగొచ్చు కదా అని? లేక మామూలుగానే రేట్లు పెరిగి పాయింట్లు వాటి వెనక పరిగెడుతున్నాయా? రెండోది, ఇప్పుడే వాడేయాలా లేక ఇంకా ఆగాలా? ఆవిడకి ఇంకా చెప్పలేదు, చెప్పే ధైర్యం లేదు.

పిసినారి_పెదబాబు:

మొన్న మా నాన్నకి ఈ పాయింట్ల సంగతి చెప్తే, అన్నవరంలో సత్రం గదికి ఇన్ని లెక్కలు లేవురా, వంద చేతిలో పెడితే తాళం ఇచ్చేవాడు అన్నారు. సారీ, ఊరికే వచ్చా, మీరు కానివ్వండి, నేనూ చదువుతున్నా.

మాజీ_హోటలోడు:

గోంగూర గారూ, నేను హైదరాబాద్‌లో ఆరేళ్లు, దుబాయ్‌లో నాలుగేళ్లు హోటళ్లలో రెవెన్యూ డిపార్ట్‌మెంట్‌లోనే చేశాను, అంటే రేపటి రూమ్ రేటు ఎంత పెట్టాలి అని రోజూ పొద్దున్నే బుర్ర బద్దలు కొట్టుకునే పని. మీ మొదటి అనుమానం తప్పు. కానీ ఎందుకు తప్పో తెలిస్తే కోపం ఇంకా పెరుగుతుంది మీకు.

ముందు ఒకటి అర్థం చేసుకోండి, రిసార్ట్ ఓనర్ వేరు, బోర్డు మీద పేరున్న చెయిన్ వేరు. ఈ పెద్ద చెయిన్లకి సొంత బిల్డింగులు చాలా తక్కువ. ఎవరో ఒక ఇన్వెస్టర్ దీవి లీజుకి తీసుకుని విల్లాలు కడతాడు, చెయిన్ పేరు ఇస్తుంది, మేనేజ్ చేస్తుంది, ఫీజు తీసుకుంటుంది. మీరు డబ్బులిచ్చి ఉన్నప్పుడు మీకు పడే పాయింట్లు ఓనర్ జేబులోంచే, మీ బిల్లులో కొంత శాతం ప్రోగ్రామ్‌కి కట్టాలి వాడు. మళ్లీ మీరు పాయింట్లతో వస్తే ప్రోగ్రామ్ ఆ ఓనర్‌కి డబ్బు ఇస్తుంది. ఎంత ఇస్తుంది అనేదే అసలు కథ. రూములు ఖాళీగా ఉన్న రోజు అయితే శుభ్రం చేసే ఖర్చు, దానిపైన ఇంకాస్త, అంతే. అదే హోటల్ దాదాపు నిండిపోయిన రోజు అయితే ఆ రోజు సగటు రేటుకి దగ్గరగా ఇవ్వాలి. ఈ గీత ఎక్కడ పడుతుందో కాంట్రాక్ట్‌ని బట్టి ఉంటుంది కానీ పద్ధతి మాత్రం ఇదే.

ఇప్పుడు ఆలోచించండి, డిసెంబర్ 20 అంటే మాల్దీవ్స్ కిటకిటలాడే టైమ్. యూరప్ అంతా చలికి పారిపోయి వస్తారు, క్రిస్మస్ న్యూ ఇయర్ వారాలకి ఏడాది ముందే బుక్ అయిపోయే విల్లాలుంటాయి. ఆ రోజు మీరు 85 వేల పాయింట్లు పెట్టి పడుకుంటే ప్రోగ్రామ్ ఓనర్‌కి దాదాపు ఫుల్ రేటు కట్టాలి. అంటే చార్టు ఉన్నన్నాళ్లూ ఆ నష్టం ప్రోగ్రామ్ నెత్తిన. చార్టు తీసేసింది అందుకే. క్యాష్ రేటు పెట్టేది సీజన్, ఫ్లైట్లు, పక్క దీవి వాడి రేటు చూసి. నా పదేళ్లలో ఏ ఒక్క రోజూ పాయింట్లోళ్ల దగ్గర ఎక్కువ లాగుదామని క్యాష్ రేటు పెంచిన మీటింగ్ నేను చూడలేదు. క్యాష్ పెట్టేవాడు పక్క రిసార్ట్‌కి పోతాడుగా, ఆ భయం చాలు.

ఇంకో ముక్క. మేం హోటలోళ్లం చేసే అసలు కిటుకు రేటులో ఉండదు, స్టాండర్డ్ రూమ్ అనే మాటలో ఉంటుంది. పాయింట్లకి ఇవ్వాల్సింది స్టాండర్డ్ రూమ్ మాత్రమే అయితే, ఏది స్టాండర్డ్ అనేది ఎవరు రాస్తారు? రాసేది మేమే. తోట విల్లాలు ఓ ఎనిమిది పెట్టి అవే స్టాండర్డ్ అంటాం, నీళ్ల మీదవన్నీ ప్రీమియం అంటాం. కనీసం నాలుగు రాత్రులు ఉంటేనే అని ఇంకో మెలిక. మీకు చూపించిన ఆ 1.2 లక్షలు నీళ్ల మీదదేనా తోటదా ఒకసారి చూసుకోండి.

డల్లాస్_గోంగూర:

చూశా సార్. తోటదే. 😐

ఎడిసన్_ఇడ్లీ:

మాజీ గారూ మీరు హోటల్ వైపు నుంచి బాగానే చెప్పారు గానీ లాయల్టీకీ రూమ్ రేటుకీ సంబంధమే లేదన్నట్టు చెప్తే నేను ఒప్పుకోను. అమెరికాలో ఒక ఖరీదైన క్రెడిట్ కార్డు తీసుకుంటే చాలు హిల్టన్ గోల్డ్ (వాళ్ల ప్రోగ్రామ్‌లో ఒక పై మెట్టు, మాల్దీవ్స్ లాంటి చోట బ్రేక్‌ఫాస్ట్ ఫ్రీ) వచ్చేస్తుంది, ఇంకో కార్డు తీసుకుంటే దాని పై మెట్టు డైమండే వచ్చేస్తుంది. అంటే రిసార్ట్ బ్రేక్‌ఫాస్ట్ హాల్లో పొద్దున కూర్చున్న వాళ్లలో ఎంతమంది దానికి డబ్బు కట్టినట్టు? మాల్దీవ్స్‌లో ఒక బ్రేక్‌ఫాస్ట్ మనిషికి 40, 50 డాలర్లు ఉంటుంది, అది ఊరికే ఇచ్చేది ఎవరు? ఆ ఖర్చు ఎక్కడో ఒకచోట రూమ్ రేటులో కలవాల్సిందే కదా. హిల్టన్ 2021లో అమెరికా హోటళ్లలో గోల్డ్, డైమండ్ వాళ్లకి ఫ్రీ బ్రేక్‌ఫాస్ట్ తీసేసి ఫుడ్ క్రెడిట్ అని మార్చింది ఎందుకు మరి, ఓనర్లు మొత్తుకోబట్టే అని నా అనుమానం. అటు మారియట్ వాళ్ల రిట్జ్ కార్ల్‌టన్‌లో చూడండి, వాళ్ల పై మెట్టు ప్లాటినం ఉన్నా బ్రేక్‌ఫాస్ట్ గ్యారంటీ లేదు.

ఇక చార్టుల సంగతి. నేను 2014 నుంచి ఈ రొంపిలో ఉన్నా, ఒక్కొక్కటీ కళ్లముందు పోవడం చూశా. మారియట్ 2016లో స్టార్‌వుడ్ అనే ఇంకో చెయిన్‌ని కొన్నది, 2018 ఆగస్ట్‌లో రెండు ప్రోగ్రాములు కలిపారు. కలిపిన కొత్తలో చార్టులో అన్నిటికన్నా ఖరీదైన హోటళ్ల కేటగిరీ ఇంకా మొదలుపెట్టలేదు కాబట్టి ఎంత పెద్ద రిసార్ట్ అయినా రాత్రికి 60 వేలే. సెయింట్ రీజిస్ మాల్దీవ్స్ అంత ఖరీదైన రిసార్ట్ 60 వేలకి! పైగా నాలుగు రాత్రులకి కడితే ఐదోది ఫ్రీ, అంటే ఐదు రాత్రులు 2 లక్షల 40 వేలు. జనం ఎగబడ్డారు, నేనూ ఎగబడ్డా, కానీ మా మేనేజర్ లీవ్ ఇవ్వలేదు, ఆ కడుపుమంట ఇప్పటికీ ఉంది. 2019 మార్చిలో కేటగిరీ 8 అని పెట్టి 85 వేలు చేశారు, అదే ఏడాది సెప్టెంబర్‌లో పీక్ ఆఫ్‌పీక్ (రద్దీ రోజుకో రేటు, ఖాళీ రోజుకో రేటు) తెచ్చి పీక్ రోజు లక్ష అన్నారు, 2022 మార్చి వచ్చేసరికి చార్టే లేదు. హిల్టన్ వాళ్లైతే 2017లోనే చార్టు ఎత్తేశారు, చార్టు లేకపోయినా స్టాండర్డ్ రూమ్‌కి ఇంతకు మించవు అని ఒక సీలింగ్ మాత్రం ఉండేది. హిల్టన్ వాళ్ల మాల్దీవ్స్ వాల్డార్ఫ్ ఆస్టోరియా 2019లో తెరిచినప్పుడు 1 లక్షా 20 వేలు, తర్వాత 1 లక్షా 50 వేలు, 2025లో 2 లక్షలు కూడా దాటేశారు.

ఎందుకిలా అంటే నోట్ల ప్రింటింగ్ లాంటిదే ఇది. 2020 ఏప్రిల్‌లో హోటళ్లన్నీ ఖాళీగా పడి ఉన్నప్పుడు హిల్టన్ ముందస్తుగా 100 కోట్ల డాలర్ల పాయింట్లు తన క్రెడిట్ కార్డులిచ్చే కంపెనీ అమెక్స్‌కి అమ్మి చేతిలో క్యాష్ పెట్టుకుంది. అలాంటి పాయింట్లన్నీ తర్వాత కార్డుల ద్వారా జనం చేతుల్లోకి వచ్చాయి. దీవులు మాత్రం అవే కదా. మా ఊళ్లో వినాయక చవితి ముందు రోజు పత్రి అమ్మినట్టే, కొనేవాళ్లు ఊరంతా, పత్రి ఒక బుట్ట.

మాజీ_హోటలోడు:

ఇడ్లీ గారూ, బ్రేక్‌ఫాస్ట్ విషయంలో మీరన్నది నిజమే, ఒప్పుకుంటా. బడ్జెట్ వేసేటప్పుడు ఎలైట్ బెనిఫిట్స్ (ఆ గోల్డ్, డైమండ్ వాళ్లకి ఊరికే ఇచ్చేవి) ఖర్చు అని ఒక లైన్ ఉంటుంది, అది రూమ్ రేటులోంచే వెనక్కి రావాలి. కానీ అది వెయ్యి డాలర్ల రూమ్‌లో పదులలో ఉండే సంగతి, ఆయన అడుగుతున్న 1,700 నుంచి 2,300 అనే గెంతుకి అది కారణం కాదు.

లెక్కల_మాస్టారి_కొడుకు:

ఎవరూ కాలిక్యులేటర్ తీయట్లేదు కాబట్టి నేనే తీస్తున్నా.

మాల్దీవ్స్‌లో యాప్ చూపించే రేటు మీద 10 శాతం సర్వీస్ ఛార్జ్, ఆ మొత్తం మీద టూరిజం జీఎస్టీ. ఆ జీఎస్టీ 2023 జనవరి నుంచి 16 శాతం, 2025 జూలై నుంచి 17. పాయింట్లతో ఉంటే రూమ్ మీద ఈ రెండూ సాధారణంగా పడవు, ఇది చాలామంది లెక్కలో వేసుకోరు.

గోంగూర అన్న మూడేళ్ల కిందటి డిసెంబర్: 1,700 డాలర్లు టాక్సులతో కలిపి 2,169. ఐదు రాత్రులు 10,845 చిల్లర. ఐదోది ఫ్రీ అనుకుంటే పాయింట్లు 3 లక్షల 40 వేలు. పాయింట్‌కి 3.2 సెంట్లు వచ్చినట్టు.

ఇప్పటి డిసెంబర్: 2,300 టాక్సులతో 2,960, ఐదు రాత్రులు 14,800. పాయింట్లు 8 లక్షల 40 వేలు. పాయింట్‌కి 1.76 సెంట్లు.

ఇప్పటి మే: వెయ్యి కాస్తా 1,287, ఐదు రాత్రులు 6,435. పాయింట్లు 4 లక్షల 80 వేలు. పాయింట్‌కి 1.34.

ఇందులో రెండు విషయాలు. ఒకటి, డిసెంబర్ క్యాష్ రేటు పెరిగింది 35 శాతం, పాయింట్ల రేటు పెరిగింది రెండున్నర రెట్లు. క్యాష్ వెనక పాయింట్లు పరిగెత్తడం కాదు, దాన్ని దాటుకుని పోయాయి. క్యాష్ పెరిగింది సీజన్ వల్ల, రిసార్ట్ వల్ల, ఏదైనా కావచ్చు, మాజీ గారి మాటే కరెక్ట్. కానీ పాయింట్ల పెరుగుదలలో క్యాష్ ఖాతాలో వేయగలిగింది కొంచెమే, మిగతాదంతా ప్రోగ్రామ్ వాళ్లు సీలింగ్ పీకేయడమే. ఈ రెండూ ఒకే రోజు స్క్రీన్ మీద కనిపిస్తాయి కాబట్టి మనకి రెండూ ఒకటే అనిపిస్తుంది.

రెండోది తమాషా. పాయింట్ విలువ చూస్తే మే కన్నా డిసెంబరే లాభం. కానీ అన్నా, నీ జేబులోంచి 14,800 డాలర్లు పెట్టి ఐదు రాత్రులు వెళ్తావా? చచ్చినా వెళ్లవు. అలాంటప్పుడు 1.76 అనేది కాగితం మీద లాభం. మేకి 6,435 పెట్టి వెళ్తావా అంటే గొణుక్కుంటూ వెళ్తావేమో. నేనైతే ఆ లెక్కే తీసుకుంటా.

పాయింట్లు తక్కువైతే కొనుక్కోవచ్చు కూడా. మారియట్ అయితే మామూలు రోజుల్లో వెయ్యి పాయింట్లు 12.50 డాలర్లు, అంటే పాయింట్ 1.25 సెంట్లు, ఆ రేటుకి దండగ. 50 శాతం బోనస్ సేల్ పడితే 0.83కి వస్తుంది, అప్పుడు పర్లేదు. ముందే కొని పెట్టుకోకు, డేట్ దొరికిందని స్క్రీన్ మీద కనిపించాకే కొను.

ఇక ఫ్రీ ఫ్రీ అని ఇంట్లో డప్పు కొట్టకముందు ఇది చూసుకో. సీప్లేన్ మనిషికి రానూపోనూ ఓ 600 అనుకో, రిసార్ట్‌ని బట్టి మారుతుంది, మీరిద్దరూ ఒక పిల్లా అనుకుని, పిల్లకి సగం వేసినా ముగ్గురికి 1,500. గ్రీన్ టాక్స్ 2025 జనవరి నుంచి రిసార్టుల్లో మనిషికి రాత్రికి 12 డాలర్లు, ముగ్గురికి ఐదు రాత్రులకి 180, ఇది పాయింట్ల మీద ఉన్నా కట్టాలి. తిండి రోజుకి 300కి తగ్గదు, దీవిలో బయట టిఫిన్ సెంటర్ ఉండదు కదా. అన్నీ కలిపితే ఫ్రీ ట్రిప్ ఖర్చు 3,180. టికెట్లు దీంట్లో లేవు.

ఓరుగల్లు_పోరడు:

అన్నలూ మీ డాలర్ల లెక్క సూస్తుంటే కండ్లు తిరుగుతున్నయ్. మా దిక్కు సంగతి గూడ జెప్త, ఎందుకంటే ఇండియాల ఈ రొష్టు వేరే తీరుగుంటది.

నేను హైదరాబాద్‌ల ఉంట. మా అక్క మ్యారేజ్ డేకి ఉదయ్‌పూర్ల తాజ్ లేక్ ప్యాలెస్ సూసిన. తాజ్‌ల పాయింట్లను న్యూకాయిన్లు అంటరు, ఒక కాయిన్ అంటే ఒక రూపాయి, కథ ఖతం. రేటు ఎంతుంటే గన్ని కాయిన్లు పోతయ్. అకోర్ అనే ఇంకో చెయిన్ల గూడ గట్లనే, 2,000 పాయింట్లకు 40 యూరోలు, పొద్దున అడిగినా గంతే రాత్రి అడిగినా గంతే. వీటిల్ల డివాల్యుయేషన్ (పాయింట్ విలువ పడిపోవుడు) అని ఏడ్చుడు తక్కువ, కానీ 60 వేలకు సెయింట్ రీజిస్ అసొంటి పండుగ గూడ ఎన్నడూ రాదు. ఇప్పుడు మీ పెద్ద చెయిన్లు చేస్తున్నది సూస్తే అవి గూడ మెల్లగ గీ తీరుకే వస్తున్నయ్ అనిపిస్తది నాకు, పాయింట్ అంటే చిల్లర పైసల లెక్క.

ఉదయ్‌పూర్ల రేటు లేపేది లాయల్టీ గాదు, పెండ్లిళ్లు. పెద్దోళ్ల పెండ్లి ఉంటే ప్యాలెస్ మొత్తం వాళ్లే తీస్కుంటరు, మిగిలిన హోటళ్లల్ల గూడ రూములు దొర్కయ్. నేను ఏం జేసిన్నంటే పంచాంగం ముందర వెట్కొని ఆ దిక్కు ముహూర్తాలు లేని నెల సూసిన. ఆగస్ట్‌ల దొరికింది, డిసెంబర్ రేట్ల సగం గూడ లేదు. వానలు పడి చెరువు నిండుగుంటది, అసలు సూడాల్సింది గప్పుడే. మూఢంల పెండ్లి జేసుకోవద్దు గని రూమ్ బుక్ జేస్తే ఏం గాదు గద.

ఇంకోటి, మారియట్ హెచ్‌డీఎఫ్‌సీ కార్డ్ 2023ల వచ్చింది గద, నేనూ తీస్కున్న. ఏడాదికి 3,000 ప్లస్ జీఎస్టీ, దానికి 15,000 పాయింట్ల దాకా చెల్లే ఒక ఫ్రీ నైట్. చార్టు లేదు గన్క ఇయ్యాల 14 వేలు జూపిన హోటల్ రేపు 17 అంటది, అప్పుడు గీ ఫ్రీ నైట్ ఒక్కటే సరిపోదు, మీదికెల్లి మన పాయింట్లు కలపాలె. అందుకే మంచి రిసార్ట్ కోసం కూసోకుండ వైజాగ్ పోయినప్పుడో ఇంకెక్కడికన్న పోయినప్పుడో వాడుకుంట. రిసార్ట్ ఆశ వెట్కోలే దాని మీద.

ఎడిసన్_ఇడ్లీ:

పోరడు పంచాంగం ఐడియా సూపర్. రెవెన్యూ మేనేజర్ల కన్నా మన పంతులు గారే నయం.

మాజీ_హోటలోడు:

నవ్వుతారు గానీ హైదరాబాద్‌లో ఉన్నప్పుడు మా ఆఫీసు గోడ మీద నిజంగానే ముహూర్తాల క్యాలెండర్ ఉండేది. ఆషాఢం వస్తే ఫంక్షన్ హాల్ ఖాళీ, దాంతోపాటే రూములు ఖాళీ, రేటు దించేవాళ్లం. మా జనరల్ మేనేజర్ కేరళ ఆయన, మొదట్లో అర్థం కాక జుట్టు పీక్కునేవాడు.

గోంగూర గారి రెండో ప్రశ్నకి ఎవరూ సూటిగా చెప్పలేదు కాబట్టి చెప్తున్నా. వాడేయండి. బ్యాంకులో డబ్బు దాచితే కనీసం వడ్డీ వస్తుంది, పాయింట్లు దాచితే ఏం వస్తుంది? మే నెలకి ఇవాళే పాయింట్లతో బుక్ చేసి పెట్టుకోండి, క్యాన్సిలేషన్ డేట్ జాగ్రత్తగా చదవండి, రిసార్టుల్లో అది ఒక రోజు ముందు కాదు, నెల ముందు కూడా ఉండొచ్చు. ఆ డేట్ లోపు రోజుకోసారి చూస్తూ ఉండండి, తగ్గితే కొత్తది బుక్ చేసి పాతది తీసేయండి. ముందు పాతది తీసేసి తర్వాత కొత్తది చూద్దాం అని మాత్రం అనకండి, నా కళ్లముందే చాలామంది అలా మునిగారు. తోట విల్లాకి బుక్ చేసి, వెళ్లడానికి ఓ పది రోజుల ముందు రిసార్ట్‌కి మర్యాదగా ఒక మెయిల్ పెట్టి నీళ్ల మీద విల్లాకి తేడా ఎంత అని అడగండి. మేలో ఖాళీలుంటాయి, యాప్‌లో చూపించే తేడా కన్నా తక్కువ చెప్పే అవకాశం ఎక్కువ. పదో పెళ్లిరోజు అని కూడా రాయండి, కేకు ఎలాగూ వస్తుంది.

లెక్కల_మాస్టారి_కొడుకు:

ఫ్లైట్ టైమ్ కూడా చూసుకో అన్నా. సీప్లేన్లు పగలే తిరుగుతాయి, చీకటి పడితే ఎగరవు. మాల్దీవ్స్ రాజధాని మాలేకి సాయంత్రం దిగావంటే ఆ రాత్రి మాలేలోనే ఇంకో హోటల్, ఇంకో 150, 200 డాలర్లు. డల్లాస్ నుంచి దోహా మీదుగానో దుబాయ్ మీదుగానో వస్తే పొద్దున దిగేది తీసుకో.

డల్లాస్_గోంగూర:

అందరికీ చాలా థ్యాంక్స్, ఒక్కొక్కరికీ విడిగా రిప్లై పెట్టలేకపోతున్నా. నిన్న రాత్రి బుక్ చేసేశా. మే ఆఖరి వారం, ఐదు రాత్రులు, 4 లక్షల 80 వేలు, ఇంకో 40 వేలు మిగిలాయి. స్కూల్ సెలవులు మొదలయ్యేది కూడా అప్పుడే. రేట్లు చూస్తూ ఉంటా, మెయిల్ కూడా పెడతా.

ఆవిడకి చెప్పా. పెళ్లిరోజు డిసెంబర్‌లో అయితే మేలో ఏంటి అంది. లెక్కల తమ్ముడి లెక్క మొత్తం చూపించా, 14,800 దగ్గర కొంచెం మెత్తబడింది. తర్వాత అడిగిన ప్రశ్న, మేలో అక్కడ వానలట కదా? నైరుతి అక్కడా అప్పుడే మొదలవుతుంది, నాకు తెలుసు, అందుకే రేటు తక్కువ అని చెప్పలేక, పడితే ఓ గంట పడి పోతుందిలే అన్నా. మేలో ఎవరైనా వెళ్లొచ్చిన వాళ్లుంటే నిజం చెప్పండి, గంటేనా?

కాకినాడ_కాజా:

మేం మే మూడో వారం వెళ్లాం. ఐదు రోజుల్లో రెండు రోజులు ఎండ, ఒకరోజు పొద్దంతా వాన, మిగతా రెండు రోజులు వచ్చి పోతూ ఉంది. గంట అని మాటివ్వకుండా ఉండాల్సింది మీరు 😄. వానలో విల్లా వరండాలో కూర్చుంటే బానే ఉంటుంది, స్నోర్క్లింగ్‌కి మాత్రం నీళ్లు మసకగా ఉన్నాయి. డ్యూటీఫ్రీలో మందు బాటిల్ కొనకండి, మాలే ఎయిర్‌పోర్ట్‌లో తీసి పక్కన పెట్టేస్తారు, తిరిగి వెళ్లేటప్పుడు ఇస్తారు. మూడో రోజు నుంచి ఆ తిండి నోటికి ఎక్కదు, ఒక కారప్పొడి ప్యాకెట్ బ్యాగులో పడేసుకోండి.

పిసినారి_పెదబాబు:

ఆ మిగిలిన 40 వేల పాయింట్లు ఎవరికైనా ఇచ్చే ఉద్దేశం ఉందా అన్నయ్యా, ఊరికే అడుగుతున్నా.